జానెడు జాగల లడాయి

వస్తడు. రాక ఏం జేస్తడు. గోడ గడియారంల తొమ్మిదింబావు అయింది, ఆట పదింటికి, ఇంక ముప్పావు గంట ఉన్నది. జకరయ్య ఎన్నడన్న టైముకంటె ముందు వచ్చిండా? సర్వే ఆఫీసుల ముప్పై మూడేండ్లు నౌకరి చేసినోడు, పదంటే పదికే గడప దాటుతడు, నిమిషం ముందు వస్తే బయటనే నిలవడి గడియారం చూస్కుంట ఉంటడు. ఒకసారి నా రేడియో దుకాణం ముంగట గట్లనే నిలవడ్డడు, వానల, ఒక్క నిమిషం తక్కువున్నదని. లోపలికి రా వారీ అంటే రాలే. ఆ నిమిషంల గంత వాన పడ్డది, రోడ్డు మీద నడుముల దాక నీళ్ళు వచ్చినయి, ఆ నీళ్ళ మీద జకరయ్య తేలుకుంట తేలుకుంట సరిగ్గ టైముకు నా కౌంటర్ మీదికి వచ్చి కూసున్నడు. గిది నేను మెదకంత చెప్పిన. తేలింది అబద్ధం. వాన నిజం. నిలవడ్డది నిజం.

ఇయ్యాల శనివారం, చర్చి ఆరాధన అని సాకు చెప్పెటందుకు కూడ లేదు. వస్తడు. సుమనకు గదే చెప్పిన, పొద్దున ఏడింటికి ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి. ఈ కన్వెన్షన్ పెట్టింది ఆ పిల్లనే, మెదక్ పిల్ల, పట్నంల కంప్యూటర్ కొలువు, ఆదివారాలు ఆటలు. పట్నం నుంచి, వరంగల్ నుంచి, ఏడేడికెల్లో మనుషులను జమ చేసి ఈ ఫంక్షన్ హాల్ల రెండు దినాల ఆటల జాతర పెట్టింది. మొన్న ఈడ పెండ్లి అయింది, స్టేజీ మీద బంతిపూలు ఇంక ఎండుతున్నయి, వంటశాలల ఉప్మా మాడిన వాసన వస్తున్నది, పెండ్లికి వేసిన ఎర్ర తివాసి మీద ఇప్పుడు పన్నెండు బల్లలు, పన్నెండు లడాయిలు. నాది ఐదో నంబరు. బోర్డు మీద పెద్ద అక్షరాలు: హిస్టారికల్ మినియేచర్ వార్‌గేమ్, రాక్షసి తంగడి యుద్ధం, 1565, హోస్టులు నర్సింగం, జకరయ్య. ఆ బోర్డు ఫోటో ఫోన్ల చూపిస్తే మా వజ్రమ్మ ఏమన్నది? "డెబ్బై ఆరేండ్లకు బొమ్మలాట ఆడుకుంట దానికి గంత పెద్ద పేరా?" అన్నది. పేరు పెద్దగుంటెనే బొమ్మ చిన్నగున్నా జనం వంగి చూస్తరే అన్న. హోస్టు అంటే ఏంది బిడ్డా అని సుమనను అడిగితే, పెండ్లి పెద్ద లెక్క తాతా, వచ్చినోళ్ళను కూసోబెట్టి, ఎట్ల ఆడాల్నో చెప్పి, కొట్లాట కాకుంట ఆడిపిచ్చెటోడు అన్నది. కొట్లాట కాకుంటనా. లడాయి ఆటల కొట్లాట కాకుంట చూసెటోడు. మంచి మనిషినే పట్టుకున్నది.

ఆట అంటే గింతనే. ఎన్నడో అయిపోయిన యుద్ధాన్ని బల్ల మీద పెడ్తం, అటు సైన్యం ఇటు సైన్యం వేలెడు వేలెడు బొమ్మలు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు జరుపుతరు, గవ్వలేస్తరు, గవ్వలు ఎన్ని బోర్ల పడ్తె అన్ని బొమ్మలు కూలుతయి. చరిత్రల ఓడినోడు బల్ల మీద గెలువొచ్చు, గదే మజా. నా బల్ల ఎనిమిది ఫీట్ల పొడుగు, ఐదు ఫీట్ల వెడల్పు. మంజీర ఇసుక జల్లెడ పట్టి జిగురు మీద చల్లిన, తుమ్మపుల్లలు గుచ్చి చెట్లు చేసిన, ఆ చెట్లకు ఆకులు గిన్నెలు తోమే స్పాంజి ముక్కలు, ఆకుపచ్చ రంగు ముంచినయి. కృష్ణా నది ఏంతోని చేసిన్నో చెప్తె నవ్వుతరు, పాత క్యాసెట్ల రీలు. దుకాణం మూసిన్నాడు రెండు గోనెసంచుల క్యాసెట్లు మిగిలినయి, ఎవ్వరు తీస్కపోలే. రీలంత గుంజి పక్కపక్కకు పరిస్తే గోధుమరంగుల మెరుస్తది, గాలికి జర కదులుతది గూడ. ఎన్ని భజనలు, ఎన్ని బుర్రకథలు, ఎవని పెండ్లిల వాడు మాట్లాడిన మాటలు ఆ నదిల పోతున్నయో. దాని ఒడ్డున నా సైన్యం నిలవడి ఉన్నది, నలుగురు సుల్తానుల సైన్యం, నూట తొంభై మంది, నలభై ఏండ్ల రేడియో రిపేర్లల్ల కింద రాలిన లెడ్డు చుక్కలు డబ్బల కూడబెట్టి, కరగబెట్టి, అచ్చుల పోసి, గాజుల దుకాణంల గోళ్ళ రంగు కొని పూసిన. ఫిరంగులు ట్రాన్సిస్టర్ల ఏరియల్ ముక్కలు, లోపల బోలుగ, తళతళ. నా వెనక కృష్ణ. నా ముంగట ఏం లేదు. ఐదు ఫీట్ల బల్లల మూడు ఫీట్లు ఉత్త ఇసుక. రామరాయల సైన్యం మొత్తం, రెండు వందల పన్నెండు మంది, ఏనుగులు, పల్లకి, జకరయ్య ఇంట్ల ఇనుప పెట్టెల ఉన్నరు. నా జాగ నేను చేసిన, ఆయన జాగ ఆయన చేసుకున్నడు, ఎవని సైన్యం వాని ఇంట్ల. ఆషాఢంల మాట్లాడుడు బందు పెట్టిండు. ఇప్పటికి ఐదు నెలలు. పదింటికి ఆరుగురు ఆడెటందుకు వస్తరు. సుమనకు గీ ముచ్చట చెప్పలే. వస్తడు, వస్తడు అని మాత్రం చెప్పిన.

మూడుసార్లు కబురు పంపిన గదా. జకరయ్య కోడలు రజని మా గల్లీల అంగన్‌వాడీల చేస్తది, పోయెటప్పుడు ఆపి చెప్పిన. "మామయ్య ఏమన్నడు బిడ్డా?" "ఏమనలే పెద్దనాయనా." రెండోసారి, "ఏమనలే." మూడోసారి, నిన్న, "ఏమనలే గని, పెట్టె మీది దుమ్ము దులిపిండు." దుమ్ము దులిపిండంటే వస్తున్నట్టే. రాని మనిషి దుమ్ము ఎందుకు దులుపుతడు. లేకపోతే అమ్మెటందుకా? లే, వస్తడు. ఆ సైన్యాన్ని చీకట్ల పెట్టుకొని ఏం జేస్తడు. ఒక్కొక్క సిపాయికి మీసం పెట్టిండు ఆ మనిషి, ఒంటెంట్రుక కుంచెతోని, రెండు వందల పన్నెండు మీసాలు, ఒక్కటి ఒక్క తీరు లేదు. నా సిపాయిలకు మొఖాలే సరిగ్గ లేవు. పొగల ఉన్నరు అని చెప్తుంట, ఫిరంగుల పొగల మొఖం ఎవనికి కనపడ్తది.

మొదలైందే మాటకు మాట. ఎనభై మూడో ఎనభై నాలుగో, నా దుకాణం కొత్తది, పని తక్కువ, నోరు ఎక్కువ. కుల్చారం బడిల ఏడో తరగతి దాక చదివిన్న, చరిత్ర పంతులు ఒక్కడే మంచిగ చెప్పెటోడు, కొట్టకుంట చెప్పెటోడు, అందుకే చరిత్ర ఒక్కటే యాదికున్నది. కౌంటర్ మీద రెసిస్టర్లు, కండెన్సర్లు పరిచి గిరాకులకు రాక్షసి తంగడి చెప్తున్న, కండెన్సర్లు ఏనుగులు, రెసిస్టర్లు పదాతి, స్క్రూడ్రైవర్ కృష్ణా నది. ఎనభై ఏండ్ల ముసలి రామరాయలు ఏనుగులతోని నది దాటి సుల్తానుల మీద పడ్డడు అని నేను ఊపుల ఉన్న. సన్నగ, పొడుగ్గ, బుడ్డ గొడుగు చంకల పెట్టుకొని ఒకడు వెనక నిలవడి ఉన్నడు, బ్యాటరీలకు వచ్చిండు. "ఆయన దాటలే," అన్నడు. ఎవ్వరు దాటలే? "రామరాయలు. వాళ్ళే దాటి ఇవతలికి వచ్చిన్రు. నీ ఏనుగులు తప్పు దిక్కు ఉన్నయి." అని, అడగకుంటనే, రెండు వేళ్ళతోని నా కండెన్సర్లు ఒకటొకటి తీసి స్క్రూడ్రైవర్‌కు ఈ దిక్కు పెట్టిండు. గిరాకులందరు నా దిక్కు చూసిన్రు. నువ్వెవరివి అన్న. "జకరయ్య. సర్వేల చైన్‌మెన్." అయితే నువ్వే ఆడు చూద్దాం అన్న. గంతనే, నలభై ఏండ్లు అయింది. నేను హిందువును, సుల్తానుల దిక్కు, ఫిరంగులున్నయని. ఆయన క్రిస్టియన్, రామరాయల దిక్కు, ముసలాయన గెలువాల్నని. ఎవడన్న ఏందిది ఉల్టా అంటే, ఎవని దేవుడు వాని ఇంట్ల, బల్ల మీద ఎవని ఫిరంగి వానిది అనెటోన్ని.

కటక్. పక్క బల్ల మీద ప్రవీణ్ అనెటాయన, పట్నపాయన, ట్యాంకుల లడాయి పెట్టిండు, ఇనుప టేపు గుంజుతడు, ఇడుస్తడు, కటక్, గుంజుతడు, కటక్. పొద్దున మర్యాదకు అడిగిండు, "అంకుల్, మీ మెజర్‌మెంట్ ఇంచులా, సెంటీమీటర్లా?" జానలు అన్న. ఆయనకు సమజ్ కాలే. చెయ్యి చాపి చూపిన, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాక, జానెడు, గుర్రం ఒకసారి గంత దూరం పోతది, పదాతి బెత్తెడు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఫిరంగి గుండు మూరెడు. ఆయన నవ్వలే, పాపం మంచోడు, "నైస్" అన్నడు. సుమన ఇంటున్నది. "తాతా, మీరిద్దరు ఆడినప్పుడు నడిచింది. ఇయ్యాల ఆరుగురి చేతులు ఆరు తీర్లుంటయి, పెద్ద చెయ్యి ఉన్నోడే గెలుస్తడు. ఒక్క కొలత పెట్టుండ్రి," అన్నది. పిల్ల చెప్పింది న్యాయం. అయితే బుట్టలల్లెటోళ్ళ కాడికి పోయి ఆరు వెదురు బద్దలు తెచ్చుకున్న, కత్తి తెచ్చుకున్న. ఒక జానెడు కొలిచి ఆరు కోస్తే అయిపాయె. ఐదు నిమిషాల పని. ఎనిమిదింటి సంది ఈ బద్దలు నా ముంగట అట్లనే ఉన్నయి.

ఎందుకు జానలంటే, అది గూడ జకరయ్య మాటే. మొదట్ల నేను స్కేలు తెచ్చిన. దినమంత భూమి కొలిచే చైను పట్టుకొని చేన్లల్ల తిరిగి వస్త, పొద్దూకి నీ దుకాణంల గూడ నాకు కొలకట్ట చూపిస్తవా అన్నడు. చెయ్యి చాలు అన్నడు. ఎవని జాన వానిది, నీది నువ్వు కొలుచుకో, నాది నేను కొలుచుకుంట, అటెనక మాట లేదు. కొలిచే నౌకరి చేసెటోడు నన్ను నమ్మి స్కేలు పక్కకు పెట్టిండు. ఎల్దుర్తి నుంచి ఒకాయన రేడియో తెస్తే నేను రిపేరు చేసి ఇచ్చిన, దాంట్ల రేపటి వార్తలు ఇయ్యాలనే వచ్చుడు మొదలైంది, ఆయన వారానికే వాపస్ తెచ్చిండు, అన్ని ముందే తెలుస్తే పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు నర్సింగం, పాతదే చేసియ్యి అన్నడు. గా కథ వంద మందికి చెప్పిన, వంద మంది నవ్విన్రు, జకరయ్య ఒక్కడే అడిగిండు, "ఏ స్టేషన్?" గట్లాంటి మనిషి. ఉన్నది ఉన్నట్టు ఉండాలె. ఏ స్టేషన్ అంటే ఏం చెప్పాలె.

సరే, కొలుద్దాం. చెయ్యి పెట్టిన బద్ద మీద, బొటనవేలు కొసకు ఆనిచ్చి చిటికెనవేలు సాపిన, గోరుతోని గీత. మళ్ళ పెట్టిన. ఇంకో గీత పడ్డది, మొదటిదానికంటె ముందు. మూడోసారి ఇంకో గీత. ఒక్క చెయ్యి, ఒక్క బద్ద, మూడు గీతలు. నవ్వు వచ్చింది. మా కుల్చారంల మా మేనమామ చెయ్యి గంత పెద్దది ఉండె, ఎద్దు వీపు మీద చెయ్యి పెట్టి తోక దాక ఒక్క జాన అనెటోడు, ఎద్దు గూడ నమ్మెటిది. నాది గా రక్తమే. ఎట్ల సాగుతదో నాకు ఎర్కనే గదా, ఇరవై ఏండ్ల సంది. బొటనవేలు ఆనిచ్చి, చిటికెనవేలు పెట్టెటప్పుడు మణికట్టు జర లేపాలె, బొటనవేలు కనపడకుంట జారుతది, అర్ధ ఇంచు, ముప్పావు ఇంచు. మొదటిసారి మజాక్‌కు చేసిన, ప్రమాణం. జకరయ్య పట్టుకుంటడు, ఓరి దొంగ అంటడు, ఇద్దరం నవ్వుకుంటం, చాయ్ తాగుతం, గిది అనుకున్న. పట్టుకోలే. నా గుర్రాలు పల్లకిని తాకినయి. రామరాయలు పడిపోయిండు. జకరయ్య మెల్లగ తన సిపాయిలను ఒక్కొక్కన్ని పాత నక్షల కాయితంల చుట్టి పెట్టెల పెట్టుకున్నడు. మళ్ళ వారం వచ్చిండు. మళ్ళ చేసిన. చూడలే అనుకున్న. చూసెటోడైతే ఊకుంటడా? ఏ స్టేషన్ అని అడిగెటోడు ఊకుంటడా?

తొమ్మిది నలభై. సుమన వచ్చింది, చేతుల ఉప్మా ప్లేటు, నా ముంగట పెట్టింది, ఉత్త ఇసుక దిక్కు చూసింది.

"తాతా, ఆ తాత ఫోను ఎత్తుతలేడు."

"ఆయనకు ఫోను ఎత్తుడు రాదు బిడ్డా. ఎత్తితే ఎంత ఎత్తున ఎత్తాలె అని అడుగుతడు."

నవ్వింది, నవ్వి గూడ పోలే. "రాకపోతే ఈ టేబుల్ క్యాన్సిల్ చెయ్యాలె. ఆరుగుర్ని వేరే టేబుళ్ళకు సర్దాలె. పదీ పదికి చెప్పుండ్రి, సరేనా?" అన్నది. సరే అన్న. క్యాన్సిల్ ఎందుకైతది, నేను ఉన్నంక. అవసరమైతే ఉప్మానే రామరాయల సైన్యం చేసి ఆడిపిస్త. కరివేపాకు ఏనుగులు, పల్లీలు పదాతి. ఆరుగురికి కథ చెప్తుంటె గంట గడుస్తది, కథకు అవతలి సైన్యం అక్కర్లేదు. నాకు తెల్వదా, కథకు అవతలోడు లేకపోతెనే ఇంక నిమ్మళం. అడిగెటోడు ఉండడు.

గట్లనే చెప్పిన గదా భూమయ్య హోటల్ల, ఆషాఢంల. ఎనిమిది మంది ఉన్నరు చాయ్ తాగుకుంట, జకరయ్య నా పక్కనే, బెంచి మీద. నా నోరు ఆగుతదా. నలభై ఏండ్లల్ల ఈయనను యాభైసార్లు ఓడగొట్టిన, తెలివితోని, ఉత్త తెలివితోని, పాపం ఈయనకు యుద్ధం తెల్వది, గట్లు తెలుసు, హద్దురాళ్ళు తెలుసు అన్న. అందరు నవ్విన్రు. జకరయ్య చాయ్ గిలాస కింద పెట్టిండు. "నీ జాన ఆట మొదట్ల తొమ్మిది ఇంచులు ఉంటది నర్సింగం. చివరికి తొమ్మిదీ ముప్పావు అయితది. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న," అన్నడు. మెల్లగ అన్నడు. కోపం లేదు గొంతుల. ఇరవై ఏండ్ల సంది. అంటే మొదటి దినమే చూసిండు. చూసి గూడ కాయితంల చుట్టుకొని పోయి, చూసి గూడ మళ్ళ వారం వచ్చిండు, నేను ఎన్నడు నా నోటితోని చెప్తనో అని ఎదురు చూసిండు. ఆ ఎనిమిది మంది నా దిక్కు చూస్తున్నరు, మొదటి దినం గిరాకులు చూసినట్టే. అప్పుడు అవును వారీ, గుంజిన అంటే అయిపోవు. నవ్వితే అయిపోవు. నేనేమన్న?

చైను గుంజెటోనివి, చైను గుంజెటోని లెక్క ఉండు, సర్వేయర్ లెక్క మాట్లాడకు అన్న.

ఉప్మా చల్లారింది. ఒక్క బుక్క పెట్టుకొని ప్లేటు పక్కకు జరిపిన. ఎన్ని కథలు చెప్పిన నా జిందగిల, ఒక్కటి గూడ ఎవ్వరికి తాకలే, అన్ని గాలి. ఇదొక్కటి కథ కాదు, ఇదొక్కటి పోయి తాకింది. చైను అంటే ఏందో నాకు ఎర్క లేదా? ఆయననే చెప్పిండు, దుకాణంల, స్టూలు మీద కూసొని. చైనుకు రెండు కొసలుంటయి నర్సింగం, సర్వేయర్ కాయితం కాడ ఉంటడు, నేను గట్టు మీద కొస పట్టుకొని నిలవడ్త, నేను బిగవట్టి నిలవడ్తెనే ఆయన కాయితం నిజం, నేను ఒక్క లింకు వదులు చేస్తే ఒకని చేను ఇంకొకనికి పోతది, ఏ కాయితంల గూడ నా పేరు ఉండది గని. ఒక ఊర్ల పెద్దమనిషి ఒకడు వచ్చి, జర సడలియ్యి జకరయ్య అన్నడట. ఈయన సడలియ్యలే. మండే ఎండల నాలుగు గంటలు అట్లనే నిలవడ్డడట, సర్వేయర్, పెద్దమనిషి మాట్లాడుకునే దాక, చైను కింద పెట్టకుంట. చేతులు చూపించిండు నాకు, అరచేతులల్ల ఇనుము రాసుకున్న నల్లటి గీతలు. గా చేతులను పట్టుకొని నేను అన్న మాట గది.

తొమ్మిది యాభై మూడు. ఇగ ఈ బద్దలు కొయ్యాలె. నా మూడు గీతలల్ల ఏ గీత మీద కోసినా అది నా మాటనే అయితది. వచ్చెటోళ్ళకు తెల్వది, తొమ్మిదైనా, తొమ్మిదీ ముప్పావైనా జానెడే అంటరు, ఆడుకుంటరు, పోతరు. ఎవ్వరికి నష్టం లేదు. సైన్యం రెండు దిక్కులకు ఒక్క బద్దనే గదా. న్యాయమే. అయినా కత్తి లేస్తలేదు. నలభై ఏండ్లు చెయ్యి ఆడినట్టు నోరు ఆడింది, నోరు ఆడినట్టు చెయ్యి ఆడింది, ఇయ్యాల రెండు ఆగినయి, నేనే పరేషాన్. బద్దలు తిరగేసి పెట్టిన, గీతలు కిందికి. ఒకని తర్వాత ఒకడు వస్తున్నరు ఆడెటోళ్ళు, బోర్డు చదువుతున్నరు, ఒక పిల్ల, స్నిగ్ధ అని మెడల బిళ్ళ, నది మీదికి వంగి, వావ్, క్యాసెట్ టేపు అన్నది. కూసోండ్రి బిడ్డా కూసోండ్రి అన్న. అవతలి సైన్యమేది తాతా అన్నది. దారిల ఉన్నది, ఏనుగులు గదా, జర మెల్లగ నడుస్తయి అన్న. నవ్విన్రు. నవ్వించుడు నాకు ఎంతసేపు.

పది. ముల్లు పన్నెండు మీదికి పోయింది, నేను తలుపు దిక్కు చూస్తలేను, చూడనవసరం లేదు, పెట్టె చప్పుడు ఇనవడ్డది. ఇనుప పెట్టెకు ఇటు కొస రజని, అటు కొస జకరయ్య, ఇద్దరు మోసుకుంట వచ్చిన్రు, గడప కాడ గూడ ఆగలే, సరిగ్గ పదికి వచ్చిన్రు గదా, ఆగే పనేమున్నది. తెల్లంగి, పొడుగు మనిషి ఇంత వంగిండు ఐదు నెలలల్ల. నా దిక్కు చూడలే. పెట్టె కింద పెట్టి, మూత తీసి, కాయితాలు విప్పుకుంట ఒక్కొక్కన్ని ఇసుక మీద నిలవెట్టిండు. ఆరుగురు వంగి మీసాలు చూసి ఫోన్లు తీసిన్రు. నలభై ఏండ్లల్ల మొదటిసారి నేను గూడ మీసాలు మంచిగ చూసిన. పదాతి, గుర్రాలు, ఏనుగులు, నడుమ పల్లకి. అన్ని నిలవెట్టినంక నడుం మీద చెయ్యి పెట్టుకొని, నా నది చూసిండు.

"జనవరిల అయిన యుద్ధం," అన్నడు. "కృష్ణల గింత బురద నీళ్ళు ఎక్కడియి?"

"ఎగువల వాన కొట్టింది."

నవ్వలే. "నీ కోసం రాలే నర్సింగం. ఆరుగురు వస్తున్నరని రజని చెప్పింది. వాళ్ళకు సగం యుద్ధం చూపిస్తే బాగుండది."

బాగుండది అన్న. సుమన దూరం నుంచి బొటనవేలు లేపి చూపించింది, పోయింది, ఇగ మేమే. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు నిలవడ్డరు. ఎట్ల ఆడాల్నో చెప్పిన, గొంతు మంచిగనే వచ్చింది, గవ్వలు గిట్ల, కూలుడు గిట్ల, పల్లకిని ఎవ్వడన్న తాకితే లడాయి ఖతం. స్నిగ్ధ నా దిక్కు గుర్రాలు తీసుకున్నది. "గుర్రం ఎంత దూరం పోతది తాతా?" జానెడు. "ఎవరి జాన?" అన్నది, బద్దలు చూసుకుంట.

జకరయ్య బల్ల అవతల నిలవడి చేతులు వెనక కట్టుకున్నడు. అప్పుడు చెప్పాలె. చెప్పెటందుకు నోరు తెరిస్తే ఏమొచ్చింది, నా నోరు నా నోరే గదా, "బిడ్డలారా, ఈయన ఎవరనుకున్నరు, జిల్లాల నంబర్ వన్ సర్వేయర్ సాబ్, ఈయన కొలిస్తే ప్రభుత్వమే లేచి నిలవడ్తది—"

"చైన్‌మెన్," అన్నడు జకరయ్య.

ఆగిన.

"సర్వేయర్ను కాను. చైన్‌మెన్. ముప్పై మూడేండ్లు. ఉన్నది చెప్పు నర్సింగం."

ఆరుగురు నా మొఖం చూస్తున్నరు. కటక్ అన్నది పక్క బల్ల మీద టేపు. నా దగ్గర మస్తు కథలున్నయి, ఎత్తుకుంటే ఏదో ఒకటి చేతికి వస్తది, గని జకరయ్య ఎదురు చూస్తున్నడు, గట్టు మీద నిలవడ్డట్టే నిలవడి, ఇరవై ఏండ్లు ఎట్ల చూసిండో గట్లనే.

"చైన్‌మెన్," అన్న. "మా జకరయ్య చైన్‌మెన్. ఒక్క లింకు గూడ సడలియ్యలే. నా జాన మంచిది కాదు బిడ్డా, నేను గుంజుత. ఇరవై ఏండ్ల సంది గుంజి గెలిచిన. అది పట్టుకున్నందుకు నలుగుర్ల ఈయనను అనరాని మాట అన్న. తప్పు నాది." గంతనే. ఇంకేం కలపలే. కలపకుంట చెప్తె ఇంత పొట్టిగ ఉంటదని నాకు తెల్వది.

స్నిగ్ధ ఒక బద్ద తీసి మెల్లగ బల్ల అవతలికి జరిపింది, జకరయ్య ముంగటికి. ఆయన చెయ్యి తీసిండు, తుడుచుకున్నడు పంచెకు, బద్ద మీద పెట్టిండు. చలికి, వయసుకు వేళ్ళు బిగుసుకపోయినయి, చిటికెనవేలు జర వంకర తిరిగింది, సాపితే సాగినంతనే సాగింది. ఎనిమిది ఇంచులు గూడ లేదు. నేను బల్ల చూసిన, నా గుర్రాల నుంచి పల్లకి దాక కంటితోని లెక్కగట్టిన, నా జానతోని నాలుగు దాటులు, గీ జానతోని ఐదు, ఆ ఐదో దాటు లోపల ఆయన ఏనుగులు నా ఫిరంగుల మీద ఉంటయి. ఆయన గూడ చూసిండు. పెదవి కొస జర కదిలింది.

"జర గుంజరాదు జకరయ్యా," అన్న.

"గుంజను," అన్నడు.

ఆయన చిటికెనవేలు కాడ గీత గీసి, కత్తి పట్టిన.